మా కోడలు పట్టిన మీసాల చేప

రండి, ఆ కుర్చీలు కాస్త దగ్గరికి లాక్కోండి. నా గొంతు పెద్దది కాదు, ఇది అరిచి చెప్పే సంగతీ కాదు. చేతుల్లో ఫోన్లుంటే కాసేపు బోర్లా పెట్టండి. మా కోడలి గురించి చెప్పబోతున్నాను. అత్త నోట కోడలి మాట వచ్చిందనగానే మీ చెవులు ఎలా నిక్కబొడుచుకున్నాయో చూస్తూనే ఉన్నాను. చాడీలు వినాలని కూర్చున్నవాళ్ళు నిరాశపడతారు, ముందే చెబుతున్నాను. ఇవాళ గొప్పలు చెప్పుకోవడానికే నోరు విప్పాను.

నాది అయిదో తరగతి చదువు. మా ఆయన ఏలూరులో బస్సు నడిపారు. ఇప్పుడు మేమిద్దరం అమెరికాలో, ఆష్‌బర్న్‌లో కొడుకు దగ్గరే ఉంటున్నాం. కోడలు ఈ దేశంలోనే ఎడిసన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. మా చుట్టుపక్కల కిటికీలు లేని గోదాముల్లాంటి డేటా సెంటర్లు ఉంటాయి చూడండి, వాటిలో ఒకదాంట్లో ఆమెకు ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, గాలం కట్టిన రాడ్ భుజాన వేసుకుని చెరువుకు పోతుంది. కాలేజీలో ఒక స్నేహితురాలు నేర్పిందట ఆ విద్య.

పట్టేది బాస్ అనే చేపను. ఆకుపచ్చటి ఒళ్ళు, ఒంటికి మించిన నోరు, మన కొరమేను లాగా కాపు కాసి మీద పడే రకం. దానికోసం ఆమె దగ్గర పెట్టెనిండా బొమ్మ ఎరలున్నాయి, లూర్లంటుంది వాటిని. రబ్బరు వానపాములు, తళతళలాడే రేకులు, కడుపులో గోళీలున్న చెక్క చేపలు. నిజం ఎర ఒక్కటీ లేదు. పట్టిన చేపను ముద్దుచేసినట్టు పట్టుకుని, ఫోటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తుంది. మొదట్లో నాకు ఇది బొత్తిగా అర్థమయ్యేది కాదు. చేపలకు వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చే మనిషిని మా ఇంటావంటా చూడలేదు.

అయితే కిందటేడు వేసవంతా ఆమెకు ఒక బెడద పట్టుకుంది. బాస్ కోసం బొమ్మ ఎర వేస్తే క్యాట్‌ఫిష్ వచ్చి మింగేది. పొలుసు లేని నున్నటి ఒళ్ళు, మూతికి మీసాలు, రెక్కల దగ్గర గుచ్చుకునే ముళ్ళు. అంటే మన జెల్లకు అమెరికా చుట్టమన్నమాట. ఇంటికి వస్తూనే గొణుక్కునేది.

"అత్తయ్యా, మళ్ళీ క్యాట్‌ఫిష్! లైన్ అంతా బంక. నా ఫేవరెట్ లూర్ మొత్తం నమిలేసింది."

"తెచ్చెయ్యవే తల్లీ, పులుసు పెడతాను."

"నో వే. పాపం, వదిలేశాను."

నేను నెత్తి కొట్టుకునేదాన్ని. మా ఆయన మాత్రం సోఫాలో కూర్చుని, "ఎంతుంటుందమ్మా? మీసాలు తెల్లగా ఉన్నాయా, నల్లగానా?" అని ఆరాలు తీసేవారు. ఆమె చేతులు చాచి చూపించేది. ఆయన గుటకలు మింగేవారు.

ఇలా ఉండగా ఈ వసంతంలో ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. జబ్బు తగ్గింది, ఇంటికొచ్చారు, కానీ నోరు చచ్చిపోయింది. అన్నం ముందు పెడితే మొహం తిప్పుకునేవారు. చారన్నం రెండు ముద్దలు, మజ్జిగ అరగ్లాసు, అంతే. భుజాల ఎముకలు చొక్కాలోంచి తేలాయి. డాక్టరమ్మ మా అబ్బాయితో ఇంగ్లీషులో చెప్పింది, వాడు నాకు తెలుగులో చెప్పాడు. సోమవారం మళ్ళీ బరువు చూస్తారు. ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులో గొట్టం వేసి పాలు పోస్తారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. "గొట్టం వేస్తే పీకేస్తాను" అన్నారు. పీకే మనిషే. నాకు తెలుసు.

"పోనీ ఏం తినాలనుందో చెప్పండి" అని బతిమాలాను.

ఆయన గోడవైపు చూస్తూనే, "జెల్లల పులుసు" అన్నారు.

మా అబ్బాయి వెంటనే కారు తీశాడు. ఇండియన్ స్టోర్ నుంచి ఐసులో గడ్డకట్టిన చేప తెచ్చాడు. వండిపెడితే ఆయన గిన్నె మూత తీసి వాసన చూసి మూత పెట్టేశారు. తర్వాత కొరియా వాళ్ళ కొట్లో తొట్టిలో ఈదుతున్న మీసాల చేపనే తెచ్చాడు. ప్రాణంగా వండాను. ఒక్క ముక్క తుంచి నాలుక మీద పెట్టుకుని, "ఇది మేత తిని పెరిగిన చేపే. చెరువు చేప కాదు" అని పళ్ళెం జరిపేశారు. మా అబ్బాయికి కోపం వచ్చింది. "నాన్నా, ఇది జబ్బా, వంకా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కోడలు అంతా విని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మావయ్యా, నేను పట్టుకొస్తాను."

"నువ్వు వదిలేసే దానివి కదమ్మా" అన్నారు ఆయన, కళ్ళు మూసుకునే.

"ఈసారి వదలను."

ఇక్కడొక చిక్కుంది. ఆమెకు ఆదివారం డ్యూటీ. దొరికింది ఒక్క శనివారమే. మా ఇంట్లో శనివారం నీచు ముట్టం. నేనూ ఆయనా ఏడుకొండలవాడికి మొక్కుకుని పాటిస్తున్న నియమం, పొయ్యి మీదికి గుడ్డు కూడా రాదు. ఆ పిల్లకు ఏ నియమాలూ లేవు, అయినా మా కోసం ఆ రోజు వంటింట్లో ఆమ్లెట్ కూడా వేసుకోదు. సరే, శనివారం పట్టి ఆదివారం తినవచ్చు, మిగతాది వెంకన్నే చూసుకుంటాడనుకుని నేనూ బయల్దేరాను.

ఊరికే వెళ్ళలేదు. శుక్రవారం సాయంత్రం గోధుమపిండిలో దంచిన నువ్వులు, బెల్లం, బాగా ఘాటుగా ఇంగువ వేసి ముద్ద చేసి డబ్బాలో పెట్టుకున్నాను. జెల్ల వాసన పట్టి వచ్చే చేప. ఆ ముద్దకు రాకపోతే నా పేరు మార్చుకుంటానని కారులో గొప్పగా చెప్పాను. కారంతా ఇంగువ కొట్టింది. ఆమె అద్దాలు దించి నవ్వుతూనే ఉంది.

పార్కులో చెరువు దగ్గర బోర్డు ముందు ఆగి చదివి, ఆ నవ్వు ఆపుకోలేక నా భుజం పట్టుకుంది.

"అత్తయ్యా, సారీ. ఇక్కడ ఆర్టిఫిషియల్ లూర్స్ ఓన్లీ. ఎర పెట్టకూడదు. పిండి కూడా ఎరే."

"పిండి ఎరెలా అవుతుందే? మనుషులు తినేదేగా!"

"రూల్ అత్తయ్యా. బాస్ వస్తే వదిలేయాలి. క్యాట్‌ఫిష్ అయితే ఉంచుకోవచ్చు. బట్ బొమ్మతోనే పట్టాలి."

నా డబ్బా కారులోనే ఉండిపోయింది. ముక్కుతో బతికే చేపను వాసన లేని రబ్బరు ముక్కతో పట్టాలన్నమాట. నాలో సగం ప్రాణం అక్కడే పోయింది. కానీ ఆ పిల్ల మొహంలో బెరుకు లేదు. "లాస్ట్ ఇయర్ అన్నీ బొమ్మకే కదా వచ్చాయి" అంటూ రాడ్ విసిరింది.

ఆ విసరడం చూడాలి మీరు. మణికట్టు అలా కదిలీ కదలనట్టు ఆడిస్తుంది, ఎర పోయి తను చూపు నిలిపిన చోటే పడుతుంది. మడత కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. వేసిన కాసేపటికే రాడ్ వంగింది. నేను లేచి నిలబడ్డాను. బాస్. వదిలేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ బాస్. ఇంకో వైపు వేసింది. అక్కడా బాసే. ఏడాది పొడుగునా ఏ చేప కోసం తపస్సు చేస్తుందో అది ఇవాళ వరస కట్టి వస్తోంది. ఏడాది పొడుగునా తిట్టుకున్న చేప మాత్రం ఎక్కడ దాక్కుందో అయిపు లేదు.

"వద్దన్నప్పుడు రోజూ వస్తాయి అత్తయ్యా! ఇప్పుడు ఐ వాంట్ జస్ట్ వన్!"

"నువ్వు వాటిని నానా మాటలు అన్నావు. అలిగాయి."

"సరే, సారీ చెప్తాను." వంగి నీళ్ళకు దగ్గరగా మొహం పెట్టి, "సారీ గైస్" అంది. నవ్వొచ్చింది కానీ, ఆ నవ్వులోనే ఇంటి దగ్గర మంచం మీదున్న మనిషి గుర్తొచ్చాడు.

మధ్యాహ్నం దాటాక రాడ్ ఒక్కసారిగా విల్లులా వంగిపోయింది. దారం చుట్టుకునే రీలు కీచుమంది. ఆమె మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగిపోయింది. ఇదే, ఇదేనని నేను గట్టు మీద కేకలు. చేప పైకి ఎగిరింది. పచ్చటి ఒళ్ళు, తాంబాళం అంత నోరు. పక్కన చేపలు పడుతున్న తెల్ల పెద్దాయన తన రాడ్ కింద పెట్టి పరుగెత్తుకొచ్చాడు. అంత పెద్ద బాస్ ఆ చెరువులో చూడలేదట. ఫోటో తీస్తాను, కొలుద్దాం అని టేపు కూడా తీశాడు. మా కోడలు దాని దవడ పట్టుకుని ఒక్క క్షణం చూసింది. ఆ చూపు నేను మర్చిపోను. అలాంటి చేప కోసం ఆమె ఎన్ని తెల్లవారుజాములు చలిలో నిలబడిందో నాకు తెలుసు. అప్పుడే ఉరిమింది. పడమటి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"థాంక్యూ, బట్ నో టైమ్" అని పెద్దాయనకు చెప్పి, చేపను నీళ్ళలోకి జార్చేసింది. ఫోటో లేదు, కొలత లేదు. పెద్దాయన టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వాన దంచి కొట్టింది. కారులో కూర్చున్నాం. నేను నోట్లో గోవిందనామాలు అనుకుంటున్నాను. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతో స్టీరింగ్ మీద తాళం వేస్తోంది.

"ఏంటే, నిద్రా?"

"కాదు. గుర్తు తెచ్చుకుంటున్నాను. లాస్ట్ ఇయర్ క్యాట్‌ఫిష్ వచ్చిన ప్రతిసారీ ఎక్కడ ఉన్నానో, ఏ లూర్ వేశానో." చటుక్కున కళ్ళు తెరిచింది. "అత్తయ్యా, వాన పడ్డాకే ఎక్కువ వచ్చాయి. రోడ్డు నీళ్ళు వచ్చే పైపు దగ్గర. మడ్డీ వాటర్. అందులో కనపడదు కాబట్టి నేను సౌండ్ చేసే లూర్ వేసేదాన్ని. బాస్ కోసం వేసేదాన్ని, అవి వచ్చేవి!"

చూశారా, విసుక్కున్న ప్రతి చేపనూ ఆ బుర్ర దాచిపెట్టుకుంది. నేను నచ్చినవి గుర్తుపెట్టుకుంటాను. ఈ పిల్ల నచ్చనివి కూడా ఒక్కటి పారేయలేదు.

వాన వెలిసీ వెలవకముందే పైపు దగ్గరికి చేరింది. ఎర్రటి నీళ్ళు చెరువులోకి దూకుతున్నాయి. కడుపులో గోళీలున్న చెక్క చేపను కట్టింది. ఊపి చూపించింది, పసిపిల్లల గిలక్కాయలా గలగలమంది. వేసి, పొద్దున్నలా చకచకా లాగలేదు. నేల మీద దొర్లించినట్టు నెమ్మదిగా చుట్టింది. ఆపింది. మళ్ళీ చుట్టింది. పార్కు మూసే వేళవుతోంది, జనం సర్దుకుని వెళ్ళిపోతున్నారు. వేస్తూనే ఉంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

రాడ్ ఈసారి విల్లులా వంగలేదు. కిందకి, బరువుగా, ఎవరో అడుగునుంచి పట్టుకుని కూర్చున్నట్టు దిగిపోయింది. ఎగరడం లేదు, గంతులు లేవు. అడుగునే తల ఆడిస్తూ గుంజుతోంది. కోడలు నావైపు తిరిగి చూసింది. పేరెత్తితే పోతుందేమోనని ఇద్దరికీ భయం.

ముందు మీసాలు కనపడ్డాయి. తర్వాత ఆ వెడల్పాటి తల.

"అత్తయ్యా!" అని అరిచిన అరుపుకు పెద్దాయన కారులోంచి దిగి చప్పట్లు కొట్టాడు. అంత పెద్ద బాస్‌ను వదిలేసి ఈ మీసాల చేపకు ఎగిరి గంతులేస్తున్న పిల్లను చూసి ఏమనుకున్నాడో ఏమో. ముళ్ళు గుచ్చుకోకుండా రెక్కల వెనక వేళ్ళు బిగించి ఎత్తి పట్టుకుంది. మూరెడు పైనే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేను, శనివారం. దూరం నుంచే రెండు చేతులూ జోడించాను.

ఐసు పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చాం. అసలు పరీక్ష అక్కడ మొదలైంది. చేప తాజాగా ఉండగానే బాగుచేయాలి, తెల్లారే దాకా ఆగితే మళ్ళీ ఐసు చేప అంటారాయన. పైగా ఇలాంటి పులుసు రాత్రి పెట్టి మర్నాడు తింటేనే ముక్కకు పులుపు పడుతుంది. నేనేమో ముట్టను. మా అబ్బాయి చేపను కోస్తుంటే చూడలేక అవతలికి పోతాడు. మిగిలింది ఆమే. బతుకులో ఒక్క చేపను కూడా చంపని పిల్ల.

"మీరు దూరం నుంచి చెప్పండి. నేను చేస్తాను" అంది. చొక్కా చేతులు పైకి మడుచుకుంది.

ఇంటి వెనక చెక్క అరుగు ఉంది, డెక్ అంటారు, దాని మీద బల్ల వేసింది. నేను ఇంటి తలుపులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఒక్క దెబ్బ వెయ్యాలి తల్లీ. తడబడితే దానికే బాధ."

ఆమె లోపలికి వచ్చి నా అప్పడాల కర్ర అందుకుంది.

"శనివారం! నా కర్ర పెట్టెయ్!"

గరాజులోంచి సుత్తి తెచ్చుకుంది. చేప మీద చెయ్యి వేసి ఏదో మెల్లగా అంది, నాకు వినపడలేదు. ఒక్క దెబ్బ. తర్వాత కాసేపు వెనక్కి తిరిగి నిలబడింది. నేను తొందరపెట్టలేదు.

ముళ్ళు తన ఫిషింగ్ పట్టకారుతో విరిచింది. జిగురు పోవాలంటే బూడిద వెయ్యాలన్నాను. అమెరికాలో బూడిద ఎక్కడిదని అబ్బాయి అడిగేలోపు, బార్బెక్యూ పొయ్యి అడుగునుంచి రెండు గుప్పిళ్ళు తీసి ఉప్పుతో కలిపి పులిమేసింది. చేప తెల్లగా తేలింది. ముక్కలు కోసింది, తల విడిగా ఉంచింది. వంటింటి పొయ్యి వాడలేదు. తన క్యాంపింగ్ పొయ్యి డెక్ మీద వెలిగించి గిన్నె పెట్టింది.

"ఉల్లిపాయ ఎర్రబడిందా?"

"బ్రౌనా, లైట్ బ్రౌనా?"

"నా చీర అంచు రంగు!"

"ఓకే, వచ్చింది."

చింతపండు రసం, కారం, ధనియాలపొడి, మెంతిపొడి చిటికెడు, చిన్న బెల్లం ముక్క. ముక్కలు వేశాక గరిటె పెట్టబోతే కేకేశాను, గిన్నె రెండు చెవులూ పట్టుకుని తిప్పమని. తిప్పింది. ఉప్పు నేను చూడకూడదు. తనే వేలితో నాకి చూసుకుంది. కళ్ళు చికిలించింది, ఇంకో చిటికెడు వేసింది. ఆ చిటికెడు నేను చెప్పింది కాదు, ఆమె తీర్పే. చల్లారాక గరాజులోని ఫ్రిజ్‌లో పెట్టింది. ఒళ్ళంతా బూడిద, వేళ్ళకు పసుపు. స్నానం చేసి, నడుం వాల్చి, ఆదివారం పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వేడి చేసి వడ్డించాను. ఆయన వంగి వాసన చూశారు. నేనూ అబ్బాయీ ఆయన చెయ్యే చూస్తున్నాం. ఒక ముద్ద కలిపారు. నమిలారు. ఇంకో ముద్ద. ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టారు.

"తల ఏదే?" అన్నారు.

గిన్నెలో వెతికి తల వేశాను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని జుర్రుకున్న ఆ చప్పుడు, ఏ మంగళవాద్యానికీ తీసిపోదు. మారు అన్నం అడిగారు. అబ్బాయి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు ఆయనే ఫోన్ తెమ్మన్నారు. కోడలికి వీడియో కలిపాం. ఏవో మెషీన్ల మధ్య నిలబడి, కంగారుగా, "మావయ్యా, తిన్నారా?" అంది. ఆయన ఒట్టి ముళ్ళు మిగిలిన పళ్ళెం ఎత్తి ఫోన్ ముందు పెట్టారు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మాయ్," అన్నారు ఆయన. "ఇది మన జెల్ల కాదు. కండ మందం. పులుపు ఒక్క పిసరు తగ్గింది. వచ్చే ఆదివారం సరిచెయ్యి."

వచ్చే ఆదివారం! తిండి కోసం రాబోయే రోజు లెక్కపెట్టుకున్న మనిషిని ఎన్నాళ్ళకు చూశానో. సోమవారం బరువు చూశారు, తగ్గలేదు. డాక్టరమ్మ ఏం పెట్టారని అడిగితే అబ్బాయి నీళ్ళు నమిలాడు. నేనే ముందుకొచ్చి, వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలూ కలిపి చెప్పాను. "మై డాటరిన్‌లా ఫిష్." ఆమెకు ఎంత అర్థమైందో గానీ నేను మాత్రం తల ఎత్తే చెప్పాను.

ఇప్పుడు పార్టీలకు వెళ్తే ఆడవాళ్ళంతా కోడళ్ళ జీతాలు, ఇళ్ళు చెప్పుకుంటారు. నేను అన్నీ విని చివర్లో నోరు తెరుస్తాను. మా కోడలు వదిలేసిన బాస్ గురించి చెబుతాను, పట్టిన మీసాల చేప గురించి చెబుతాను. నన్ను మించినవాళ్ళు ఇంతవరకు లేచి నిలబడలేదు.

ఓపిగ్గా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో మంచం పట్టినవాళ్ళు లేచి కూర్చుని మారు వడ్డించమని అడగాలి. మీ గిన్నెల అడుగు ఎప్పుడూ చెయ్యి తగలనంత లోతుగా ఉండాలి. మీ గడప దాటి వచ్చిన పరాయి పిల్ల మీ ఇంటి ఆకలిని తన ఆకలి అనుకోవాలి, మీరు ఆ పిల్లను కడుపున పుట్టినదాని కంటే ఎక్కువ చూసుకోవాలి. వెళ్ళిరండి. దారిలో తడి ఉంది, జాగ్రత్త.